శ్రీకాకుళం కొండల వేళ్ల గురించి గిరిజన సంక్షేమ శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన గిరిజన సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. మహేంద్రగిరి వాలుల్లోని సవర, జాతాపు గ్రామాల నాటువైద్యులు పుండ్లకు, చర్మవ్యాధులకు, విరేచనాలకు వాడే వేళ్లను మన జిల్లాలోనే శాస్త్రీయంగా పరీక్షించే ఏర్పాటు చేయాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. ఆ వేళ్లు సూక్ష్మజీవులను ఎంతవరకు అడ్డుకుంటాయో తేల్చడంతో పాటు, మూత్రపిండాలకు హాని చేస్తాయేమో కూడా చూడాలి. ఆ రెండో పరీక్షే ముందు జరగాలని నా విన్నపం.

మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019 ఒక్క ఏడాదిలోనే ప్రపంచమంతటా 12.7 లక్షల మంది నేరుగా చనిపోయారని 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. కొత్త యాంటీబయాటిక్‌ల రాక మందగించింది. అందుకే పరిశోధకుల చూపు మళ్లీ మొక్కల మీద, ముఖ్యంగా వేళ్ల మీద పడింది. వేరు బతికేది బ్యాక్టీరియా, బూజులు కిక్కిరిసిన మట్టిలో. కదిలి పారిపోలేదు కనుక రసాయనాలతోనే తనను కాపాడుకోవాలి. చిత్రమూలం వేరులోని ప్లంబాజిన్, మానుపసుపులోని బెర్బెరిన్, సుగంధిపాల వేరుకు ఆ పరిమళాన్నిచ్చే ఆల్డిహైడ్, అన్నీ ప్రయోగశాలలో సూక్ష్మజీవుల పెరుగుదలను ఆపినవే.

వీటిలో బెర్బెరిన్ కథ నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. పుండ్లలో చీము పట్టించే స్టఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా, తన పొరలో ఉన్న పంపుతో బెర్బెరిన్‌ను బయటికి తోసేస్తుంది. అందువల్ల బెర్బెరిన్‌ను విడిగా వాడితే ఫలితం అంతంతమాత్రమే. అయితే బెర్బెరిన్ తయారుచేసే కొన్ని మొక్కల్లోనే ఉన్న మరో పదార్థం ఆ పంపును పనిచేయకుండా అడ్డుకుంటుందని 2000లో అమెరికా శాస్త్రవేత్తలు చూపించారు. ఆ రెండో పదార్థానికి సొంతంగా బ్యాక్టీరియాను చంపే శక్తి లేదు. రెండూ కలిసినప్పుడే మొక్కకు రక్షణ. మన నాటువైద్యుడు రెండు మూడు వేళ్లు కలిపి నూరుతుంటే, ఎందుకు కలుపుతున్నాడో, ఏ నెలలో తవ్వుతున్నాడో ఓపికగా అడిగి రాసుకోవలసిన అవసరం ఇందుకే ఉంది.

మన కళాశాలల్లో ఇలాంటి పరిశోధనలు జరగడం లేదని అనను. వృక్షశాస్త్రం బోధించినవాడిగా అలాంటి ప్రాజెక్టు నివేదికలు చాలా చదివాను. వేరును ఎండబెట్టి, పొడి చేసి, ఆల్కహాల్‌లో సారం తీసి, బ్యాక్టీరియాను పెంచే పెట్రీ పళ్లెంలో ఆ సారం వేసి, దాని చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయాన్ని స్కేలుతో కొలుస్తారు. అక్కడితో నివేదిక ముగుస్తుంది. ఆ వలయం మందు కాదు. సారంలో పనిచేసిన పదార్థం ఏది, బ్యాక్టీరియాను ఆపడానికి ఎంత తక్కువ మోతాదు సరిపోతుంది, ఆ మోతాదును మనిషి శరీరం తట్టుకుంటుందా అన్న అసలు ప్రశ్నలు మిగిలిపోతున్నాయి. విద్యార్థుల తప్పేమీ లేదు. వాటికి జవాబు చెప్పే పరికరాలూ నిధులూ వారికి అందడం లేదు.

ఈ జిల్లాలో ఉంటూ మూత్రపిండాల మాట ఎత్తకుండా వేరు మందుల గురించి రాయలేను. ఈశ్వరి వేరును జ్వరానికీ పాముకాటుకూ వాడే ఆచారం దేశంలో చాలాచోట్ల ఉంది. ఆ జాతి మొక్కల్లో ఉండే అరిస్టొలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను శాశ్వతంగా దెబ్బతీస్తుంది, క్యాన్సర్ కలిగిస్తుంది. 1990ల తొలినాళ్లలో బెల్జియంలో బరువు తగ్గించే మందులో ఆ జాతికే చెందిన ఒక మొక్క వేరు పొరపాటున కలిసి సుమారు వంద మంది మహిళల మూత్రపిండాలు పాడయ్యాయి. మన జిల్లా ఉద్దానం ప్రాంతంలో ప్రబలిన మూత్రపిండాల జబ్బుకు వేరు మందులే కారణమని నేను చెప్పడం లేదు, అలా చెప్పే ఆధారం నా దగ్గర లేదు. కానీ కవిటి, సోంపేట, కంచిలి మండలాల్లో ఇన్ని కుటుంబాలు డయాలసిస్ చుట్టూ తిరుగుతున్నప్పుడు, ఏ వేరునైనా మంచిదని ప్రచారం చేసే ముందు ఈ పరీక్ష చేయించడం ప్రభుత్వ బాధ్యత. చిత్రమూలం కూడా అమాయకమైన వేరు కాదు. పచ్చివేరు తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది, గర్భిణులకు ప్రమాదం. ఆయుర్వేదంలో దాన్ని సున్నపు నీటిలో శుద్ధి చేశాకే వాడతారు.

పలాసలో 2023 డిసెంబరులో మొదలైన కిడ్నీ పరిశోధన కేంద్రం ఉంది. విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. మీ శాఖ కింద 1956 నుంచి అటవీ ఉత్పత్తులు కొంటున్న గిరిజన సహకార సంస్థ ఉంది. ఈ మూడింటినీ ఒక చోట కూర్చోబెట్టగలిగేది మీరే. కిడ్నీ కేంద్రం వైద్య ఆరోగ్య శాఖది కనుక ఆ మంత్రిగారితో మీరు మాట్లాడాలి. 2022లో జిల్లాల విభజనతో, గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఉన్న సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. ఈ పని రెండు జిల్లాల మధ్య ఎవరిదీ కాకుండా పోకూడదు.

ఇంకొక భయం ఉంది. ఆకు కోస్తే మొక్క మళ్లీ చిగురిస్తుంది, వేరు తవ్వితే మొక్కే పోతుంది. సర్పగంధ వేరు నుంచి 1952లో రెసర్పిన్ వేరుచేశాక రక్తపోటు మందుగా దానికి గిరాకీ పెరిగింది. అడవుల్లో తవ్వకాలు సాగి సాగి, 1990 నాటికి దాన్ని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో చేర్చవలసి వచ్చింది. అందుకే ఏ వేరు పనికొస్తుందని తేలినా, కొనుగోలు ధర ప్రకటించే ముందే నర్సరీలు సిద్ధం కావాలి. చిత్రమూలం కొమ్మ ముక్కలతో సులువుగా నాటుకుంటుంది. సుగంధిపాల మన జీడితోటల నీడలో ఎలా పెరుగుతుందో రైతుల పొలాల్లోనే ప్రయోగం చేసి చూడవచ్చు.

ఈ జ్ఞానం ఎవరిదో కూడా కాగితం మీద ఉండాలి. 2002 జీవవైవిధ్య చట్టానికి 2023లో చేసిన సవరణ, గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానాన్ని లాభాల పంపిణీ నిబంధన (ఆ జ్ఞానంతో లాభం పొందినవారు అందులో వాటా ఇవ్వాలన్న నియమం) నుంచి మినహాయించింది. సవరల వైద్యం నోటిమాటగా వచ్చింది కనుక వారి వాటా హక్కు నిలుస్తుంది. దాన్ని గట్టిగా నిలబెట్టాలంటే స్థానిక మొక్కలనూ వాటి గురించిన జ్ఞానాన్నీ నమోదు చేసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లలో ఆ వైద్యుల సమ్మతితో, వారి ఊరి పేరుతో నమోదు జరగాలి. కేరళలో కాణి గిరిజనులు చూపించిన ఆరోగ్యపచ్చ మొక్కతో తయారైన మందుకు వచ్చిన లైసెన్సు రుసుములో సగం వారికి చేరింది. మన దగ్గర ఆ ఒప్పందం పరిశోధన మొదలయ్యే ముందే రాసుకోవాలి.

ఈ పనులు జరిగేలోగా జ్వరం, చీము, విరేచనాలతో బాధపడేవారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికే వెళ్లాలని, వైద్యుడు రాసిన యాంటీబయాటిక్‌ను మధ్యలో మానకూడదని మీ శాఖ సిబ్బంది ప్రతి గూడెంలో సవర భాషలో చెప్పాలి.

తొలి విడతగా పరీక్షించే వేళ్ల జాబితాను నాటువైద్యులతో కూర్చుని తయారుచేయించి, ఈ ఆర్థిక సంవత్సరంలోనే అందుకు నిధులు కేటాయిస్తారని ఆశిస్తున్నాను.

భవదీయుడు,
విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు,
పలాస, శ్రీకాకుళం జిల్లా