రేయ్, మా ద్రాక్ష తీపెక్కింది!

కావలి,
మార్చి 9

రేయ్ శీనా,

సంక్రాంతికే రాయాల్సింది, రేపు రాద్దాం ఎల్లుండి రాద్దాం అంటుంటే మార్చి వచ్చేసింది, ఏమనుకోవద్దురా. ఇంట్లో అందరం బాగున్నాం, అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గింది, పాప పదో తరగతి పరీక్షల టెన్షన్‌లో ఉంది. ఇప్పుడు అసలు విషయం విను. మా డాబా మీది ద్రాక్ష తీపెక్కింది!

మూడేళ్ల కిందట ఒక్క పండు నోట్లో వేసుకుని నువ్వు పెట్టిన ముఖం ఇంకా నా కళ్లముందే ఉంది. బఠాణీలంత కాయలు, నోట్లో పెట్టుకోలేనంత పులుపు. అమ్మ మామిడికాయల్లాగా బియ్యం డబ్బాలో మాగేసింది కూడా, వారానికి ముడతలు పడ్డాయి గానీ పులుపు అలాగే ఉంది. తెంపాక ద్రాక్ష మాగదంట రా, తీపంతా తీగ మీదే ఎక్కాలంట. నేనేమో బలం చాల్లేదనుకుని యూరియా వేస్తూ పోయాను. ఆకు పందిరంతా కమ్మేసింది, కాయ ఇంకా చిన్నదైంది.

పోయిన మార్చిలో పక్కింటికి చుట్టపుచూపుగా ఒక పెద్దాయన వచ్చాడు, అనంతపురం వైపు ద్రాక్ష తోటల్లో పనిచేసిన మనిషి. పందిరి కింద నిలబడి పైకి చూసి, "కత్తెర పెట్టి ఎన్నాళ్లయింది నాయనా?" అన్నాడు. అసలు పెట్టలేదన్నాను. మన ఎండలకి ఏడాదికి రెండు కటింగులు పడాలంట. ఏప్రిల్లో కొమ్మకి ఒకటి రెండు కణుపులే ఉంచి కోసేశాం. పందిరి బోడిగా అయిపోయింది, అమ్మ రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఆయన చెప్పింది విని కడుపు తరుక్కుపోయింది రా. కోసిన నెలన్నర, రెండు నెలల్లో కొత్త కొమ్మల కణుపుల్లోపలే వచ్చే కాపు గుత్తి ఏర్పడుతుందంట, అప్పుడు కొమ్మకి ఎండ తగలాలంట. నేను ఏటా సరిగ్గా రోహిణి కార్తెకే, తీగకి వడ కొడుతుందని, పచ్చ నెట్టు కట్టేవాణ్ణి!

అక్టోబర్‌లో అయిదారు కణుపులు ఉంచి మళ్లీ కోశాం. వానలకి ఆకుల అడుగున తెల్లగా బూజు పట్టింది, లీటరు నీళ్లకి మయిలుతుత్తం 10 గ్రాములు, సున్నం 10 గ్రాములు కలిపి కొట్టాను. పిందె పడ్డాక గుత్తులు సగం తీసేయమన్నాడు, చెయ్యి రాలేదు రా, కళ్లు మూసుకుని తెంపినట్టు తెంపాను. కోతకి వారం ముందు నీళ్లు కూడా తగ్గించాను.

నిన్న పొద్దున ఒక పండు తెంపి ఎండకి ఎత్తి పట్టుకున్నాను, లేత తేనెరంగులో లోపలి గింజ కూడా కనిపిస్తోంది. అమ్మకిచ్చాను. ఏమీ అనలేదు, చెయ్యి మళ్లీ చాపింది.

బావ సింహపురి ఎక్స్‌ప్రెస్‌కి హైదరాబాద్ వస్తున్నాడు, నీకని రెండు గుత్తులు అట్టపెట్టెలో సర్దాను, రేపే తినెయ్. నాన్న పేరుతో వేసిన రెండో మొక్క గురించి కూడా రాద్దామనుకున్నా, అది మాత్రం ఇంకా... ఆటో వచ్చేసింది రా, ఉంటా.

నీ
రఘు