తడిసిన నిఘంటువుకు కత్తి పెట్టాను

వెస్ట్ మాంబళం, చెన్నై
శనివారం రాత్రి

చి.ల.సౌ. అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

మొన్న ఫోనులో మీ అమ్మ "మీ నాన్న పుస్తకాలు చింపుతున్నారే" అని ఫిర్యాదు చేసి, నా చేతికి ఫోను ఇవ్వకుండానే పెట్టేసింది. నువ్వు ఏమనుకున్నావోనని రెండు రోజులుగా నాకు తోచడం లేదు. ఫోనులో చెబుదామంటే ఆవిడ పక్కన కూర్చుని సవరణలు అందిస్తుంది. నలభై ఏళ్లు ఊరందరి ప్రూఫులూ దిద్దినవాణ్ని, నా వాంగ్మూలమైనా నన్ను సొంతంగా రాసుకోనివ్వాలి కదా.

చింపిన మాట నిజం. కానీ ఒక్కటే పుస్తకం. 2015 డిసెంబరు వరదలో కింది అరలో మునిగిపోయిన పెద్ద తెలుగు నిఘంటువు గుర్తుందా? కరెంటు వచ్చాక నువ్వు పేజీ పేజీకీ మధ్య వార్తాపత్రిక ముక్కలు పెట్టి, మూడు రోజులు ఫ్యాను కింద ఆరబెట్టావు. అయినా 'చ' నుంచి 'ప' దాకా ఇటుకలా అతుక్కుపోయింది. చదవడానికి పనికిరాదు, పారేయడానికి మనసు రాదు. అప్పటినుంచీ బీరువా మీదే ఉంది.

మన వీధి చివరి మేడ మీద శనివారం పొద్దున బొమ్మల క్లాసుకు ఏడుగురం కూర్చుంటాం. ఆరుగురు ఆడవాళ్లు, నేను. నేర్పేది బడిలో డ్రాయింగు చెప్పి రిటైరైన తమిళావిడ. నిజానికి అందులో చేరింది మీ అమ్మ. రెండు వారాలు వెళ్లి, చేతికి జిగురంటితే ఒళ్లు జలదరిస్తోందని మానేసింది. కట్టిన మూడు నెలల ఫీజు దండగ కాకూడదని నన్ను తోలింది. ఈ చింపుడుకు మూలకారణం ఎవరో నువ్వే తేల్చుకో.

మిక్స్‌డ్ మీడియా అంటారు గానీ పని మాత్రం చిన్నపిల్లలదే. రంగు, గుడ్డపీలిక, దారం, పాత బస్సు టికెట్టు, ఏదైనా సరే ఒకే పటంలోకి తీసుకురావడం. 1912లో పికాసో కుర్చీ అల్లికలా అచ్చువేసిన మైనపుగుడ్డ ముక్కను తన చిత్రానికి అతికించి, చుట్టూ తాడు బిగించాడట. కొల్లాజ్ అనే ఫ్రెంచి మాటకు మూలం జిగురు పెట్టడమే. మా టీచరమ్మ "ఒట్టుంగ, ఒట్టుంగ" అంటుంది, అంటే తమిళంలో అతికించండి అని. మొదటి రోజు నాకు ఎందుకు ఒట్టు పెట్టమంటోందో అర్థం కాక చెయ్యి చాచాను.

తరవాత, పేజీల మీదే రంగులు వేసి కాగితాలు అతకడానికి, ఎవరికీ అక్కర్లేని పుస్తకం ఒకటి తెచ్చుకోమంది. మిగతావాళ్లు కాలం చెల్లిన టెలిఫోను డైరెక్టరీ, పోటీపరీక్షల గైడు తెచ్చారు. నేను నిఘంటువు మోసుకెళ్లాను. పుస్తకం మీద పని చెయ్యాలంటే ముందు కొన్ని ఆకులు తీసేయాలి. లేకపోతే రంగూ కాగితాలూ ఎక్కి అట్ట మూతపడదు. అక్కడ నా చెయ్యి ఆడలేదు. కాలు తగిలితే కళ్లకద్దుకున్నవాళ్లం. సరస్వతీపూజ నాడు పుస్తకం తెరవడానికే జంకేవాళ్లం. ఆ వేళ బ్లేడు పట్టుకుని ఊరికే కూర్చుని ఇంటికి వచ్చేశాను.

మరుసటి వారం వరద చేసిన పనితో మొదలుపెట్టాను. అతుక్కుపోయిన ఇటుక ఎలాగూ విడిపోదు. దాని నడుమ స్కేలు పెట్టి చదరంగా గీసి, పొరపొరగా కోస్తూ పోతే చిన్న గూడు తయారైంది. ప్రెస్సు మూసేసినప్పుడు నేను తెచ్చుకున్న సీసపు అక్షరాల్లోంచి నీ పేరు మొదటి అక్షరం తీసి అందులో నిలబెట్టాను. సీసం కదా, వార్నిష్ పూశానులే, భయపడకు.

జిగురు విషయంలో మాత్రం టీచరమ్మతో వాదించాను. అందరి పేజీలూ అప్పడాల్లా వంకర తిరుగుతున్నాయి. కాగితంలో పీచు ఒక దిక్కుకు పడుకుని ఉంటుంది. తడిస్తే దానికి అడ్డంగా సాగుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. ఒకవైపే అంటిస్తే అటే గుంజుతుంది. పలచగా పూసి, వెనక కూడా ఒక కాగితం అంటించి, బటర్ పేపరు మధ్య పెట్టి బరువు వెయ్యాలి. ఇవన్నీ మా బైండరు దగ్గర చూసినవే. అతను మైదా ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేవాడని కూడా చెప్పాను. ఆవిడ వంకర సంగతి ఒప్పుకుంది, మైదా ఒప్పుకోలేదు. సగం గెలిచాను.

అసలు చెప్పాలనుకున్నది ఇంకొకటి. అచ్చును ఒక కాగితం మీంచి ఇంకోదాని మీదకు దించే పద్ధతి ఉంది. జెరాక్స్ కాపీకి జెల్ మీడియం, అంటే ఆరితే పారదర్శకంగా ఉండే జిగురులాంటి ముద్ద, పూసి, బొమ్మవైపు కిందకు పెట్టి అంటిస్తారు. రాత్రంతా ఆరాక తడివేలితో రుద్దితే కాగితం పొట్టులా ఊడిపోయి నల్లపొడి మాత్రం నిలుస్తుంది. ఇంకుజెట్ ప్రింటయితే నీళ్లకు కరిగి కారిపోతుంది. మాలో ఒకావిడ, నెల్లూరువాళ్లు, పోయిన తల్లి రాసిన ఉత్తరాన్ని ఇలా దించుకుంది. తీరా చూస్తే అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి. ముందే అద్దంలోలా తిప్పి కాపీ తీయించుకోవాలని ఎవరికీ తట్టలేదు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

నాకేమో అది కంపోజింగు స్టిక్కులో, అంటే అక్షరాలు పేర్చే చేతిపట్టెలో, తిరగబడి ఉండే సీసపు అక్షరాలను చూసినట్టే ఉంది. కంపోజిటరు పక్కన నిలబడి ఎన్ని వేల పంక్తులు అలా చదివానో! దగ్గరకు లాక్కుని కుడినుంచి ఎడమకు ఆగకుండా చదివేశాను. ఆవకాయలో ఉప్పు తగ్గిందని, జాడీ మూత గట్టిగా కట్టమని, అల్లుడికి దగ్గు తగ్గిందా అని. అంతే ఉంది అందులో. మేడ మీద ఎవరూ కాసేపు మాట్లాడలేదు. మళ్లీ సరిగా దించుకుందురుగానీ అన్నాను. "వద్దు సార్, ఇలాగే ఉంటే మా కోడలు చదవలేదు" అంది కళ్లు తుడుచుకుంటూ.

ఆ వేళే ఇంటికి వచ్చి ఆకులు తీశాను. 'క' పేజీ ఒకదానికి జెస్సో పూశాను, పైన వేసే రంగును కాగితం పీల్చెయ్యకుండా వేసే తెల్ల పూత అది. మూడు మాటలు మాత్రం మూసెయ్యకుండా వదిలాను: కలత, కలము, కలయిక. నిఘంటువులో అవి ఆ వరసలోనే ఉన్నాయి, నా తెలివేమీ లేదు.

నువ్వు లండన్‌లోనే ఉన్నావు కనక ఒక పని. మేరీ డిలానీ అని ఒకావిడ 1772లో, 72వ ఏట, రంగుకాగితాలు కత్తిరించి నల్లని కాగితం మీద పూలు అతకడం మొదలుపెట్టింది. పదేళ్లలో 985 చేసింది. అవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. నేను ఆవిడకంటే ఒక్క ఏడాదే ఆలస్యం. ఎప్పుడైనా వెళ్లి, బొమ్మలు చూపించే గదిలో అడిగి చూడు. పూల అందం నాకు రాయనక్కర్లేదు. కాగితం అంచులు లేచాయా, పటం వంకర తిరిగిందా, అది చూసి రాయి. టీచరమ్మతో మిగిలిన సగం వాదన ఉంది.

తీసేసిన ఆకులను మీ అమ్మ ఏరి, లెక్కపెట్టి, పసుపు బొట్టు పెట్టి పూజగదిలో ఉంచింది. నలభై ఒకటి. మా గుంపులోవాళ్లు కొల్లాజ్‌కు అడుగుతున్నారు, ఇవ్వదు.

ఆశీస్సులతో,
నాన్న

తా.క. మడిచేలోపు మీ అమ్మ ఉత్తరం చదివేసింది. జిగురంటితే జలదరిస్తోందని తను అనలేదట, దురద పెడుతోంది అన్నదట. దిద్దలేదు.