కళ్లం దాకా రాని కంప్యూటరు: పరిశ్రమల మంత్రిగారికి బహిరంగ లేఖ

రాష్ట్ర సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల శాఖ మంత్రివర్యులకు,

నమస్కారములు.

అంబాజీపేట దాపున కొబ్బరి పొట్టును కడిగి, ఆరబెట్టి, అయిదు కిలోల దిమ్మలుగా నొక్కి ఎగుమతిదారులకు అమ్మే చిన్న పరిశ్రమ మాది. తయారీ రంగంలో ఐటీ వాడకం పెంచాలని ప్రతి సమావేశంలోనూ వింటున్నాము. అయితే మా వైపు ఆ ఐటీ ఇంకా ఆఫీసు గది గడప దాటి కళ్లంలోకి రాలేదు. ట్యాలీ లెక్కల సాఫ్ట్‌వేరు, జీఎస్టీ బిల్లు, చిన్న పరిశ్రమల ఉద్యం నమోదు అన్నీ ఉన్నాయి. అవి అమ్మిన సరుకు లెక్క చెబుతాయి గాని, సరుకును ఎలా మెరుగుపరచాలో చెప్పవు.

మా సరుకు ధరను తేల్చేది ఉప్పు. మట్టికి బదులుగా మొక్కలకు వాడే ఈ పొట్టులో సోడియం, పొటాషియం లవణాలు ఎక్కువైతే వేళ్లు దెబ్బతింటాయి కనుక, కొనేవారు ముందుగా అడిగేది ఈసీ, అంటే విద్యుత్ వాహకత ఎంత అని. తక్కువ ఈసీ రకానికి అది సాధారణంగా సెంటీమీటరుకు 0.5 మిల్లీసీమెన్స్ లోపు ఉండాలంటారు. రెండేళ్ల క్రితం మా లోడు ఒకటి ఈ కారణంగానే వెనక్కి వచ్చింది. అది ఏ ఊరి డొక్కల (కొబ్బరికాయ పీచు తొక్కల) పొట్టో, ఎన్నిసార్లు కడిగామో మేస్త్రీకి లీలగా గుర్తుందే తప్ప ఎక్కడా రాసిలేదు.

ఆ తరువాత మా అమ్మాయి ఫోనులో ఒక షీటు తయారుచేసింది. కుప్పకొక నంబరు, డొక్కలు వచ్చిన ఊరు, కడిగిన సార్లు, మీటరు చూపిన అంకె, అంతే. సముద్రం పక్క ఊళ్ల పొట్టుకూ, ఎగువ లంకల పొట్టుకూ ఒకే కడుగు చాలదని కొద్ది నెలల్లోనే తేలింది. కోనసీమలోని శంకరగుప్తం డ్రెయిన్ (మురుగు కాలువ) వెంట ఉప్పునీరు ఎగదన్ని కొబ్బరి చెట్లే మోడువారుతుంటే డొక్కలో ఉప్పు ఉండదా? ఇంత మాత్రం తట్టడానికి మాకు షీటు కావలసి వచ్చిందని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కుప్పలు విడదీశాక నీటి ఖర్చు తగ్గింది. ఆ ధైర్యంతోనే, పొట్టును కాల్షియం నైట్రేట్ నీటిలో నానబెట్టి సోడియం, పొటాషియంలను బయటకు నెట్టే బఫర్ రకానికి దిగాము. ఏ కుప్పకు ఎంత మోతాదు పట్టిందో రాసి ఉండకపోతే ఆ ప్రయోగం మొదటి వారంలోనే ఆగిపోయేది.

యంత్రం కొంటే రాయితీ దొరుకుతుంది, ఆ యంత్రం చూపే అంకెను చదివి అర్థం చెప్పే మనిషికి మాత్రం ఏ పద్దూ లేదు. అందువల్ల అంబాజీపేటలో చిన్న యూనిట్లన్నిటికీ ఉమ్మడిగా ఒక పరీక్షశాలను, అక్కడి ఫలితాలను తెలుగులోనే ఫోనుకు పంపి, వాటిని యూనిట్ల లెక్కలతో కలిపి చూడగల ఒక సాంకేతిక నిపుణుణ్ని ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాను. కాలువలు, డ్రెయిన్లలో నీటి ఉప్పదనాన్ని ఊరివారీగా ప్రకటిస్తే డొక్కలు ఎక్కడ కొనాలో ముందే తెలుస్తుంది. రాజమహేంద్రవరంలోని రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ (కొత్త ఆవిష్కరణలకు తోడ్పడే) కేంద్రం ద్వారా కాకినాడ జేఎన్‌టీయూ విద్యార్థులను ఒక్క సీజను మా కళ్లాలకు పంపించినా చాలును. వానలు పడితే పొట్టు ఆరదు కనుక, వేసవిలో పంపించగలరు.

ఇట్లు,
అంబాజీపేట ప్రాంతపు కొబ్బరి పొట్టు తయారీదారు