గొంతు నొప్పికి చీటీ లేని యాంటీబయాటిక్

గొంతు నొప్పి అనగానే డాక్టర్ చీటీ లేకుండా అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ చేతిలో పెట్టడం మా కావలిలో మామూలైపోయింది. పోయిన వారం ఒక మందుల షాపు ముందు కాసేపు నిలబడ్డాను. గొంతు మంటని వచ్చిన నలుగురిలో ముగ్గురికి అవే మాత్రలు ఇచ్చారు, జ్వరం ఉందా అని కూడా అడగలేదు. చంటిబిడ్డతో వచ్చిన ఒకామె డబ్బులు చాలక రెండు మాత్రలే కత్తిరించి ఇమ్మంది. అలాగే ఇచ్చారు! గొంతు నొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చేవే, వాటి మీద యాంటీబయాటిక్ పనిచేయదు. స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియాతో వచ్చేది వేరు. దానికి సరైన వైద్యం అందకపోతే కొందరు పిల్లలకు రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతింటాయి. ఆ బ్యాక్టీరియా పెన్సిలిన్‌కు ఇంకా లొంగుతోంది గానీ, అజిత్రోమైసిన్‌కు లొంగని రకాలు చాలా దేశాల్లో బయటపడ్డాయి. పెన్సిలిన్ పడనివాళ్లకు అక్కరకొచ్చే ఈ మందును అవసరం లేకుండా వాడి మనం చేజేతులా పాడుచేసుకుంటున్నాం. సెఫిక్సిమ్ లాంటి కొన్ని యాంటీబయాటిక్‌లు 2014 నుంచి షెడ్యూల్ హెచ్1లో, అంటే చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల ప్రత్యేక జాబితాలో ఉన్నాయి. వాటిని అమ్మిన ప్రతిసారీ రోగి పేరు, రాసిచ్చిన డాక్టర్ పేరు రిజిస్టర్‌లో ఎక్కించి 3 ఏళ్లు ఉంచాలి. ఔషధ నియంత్రణ అధికారులు ఈ రిజిస్టర్లను చెప్పాపెట్టకుండా తనిఖీ చేయాలి. చీటీ లేని అమ్మకాలపై కేరళ 2024లో ‘ఆపరేషన్ అమృత్’ మొదలుపెట్టి, ప్రజల నుంచి ఫిర్యాదులు తీసుకుంటోంది. నెల్లూరు జిల్లాలోనూ అలాంటి ఫిర్యాదుల కోసం ఫోన్ నంబరు ఒకటి ప్రతి మందుల షాపు ముందు రాయించాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో గొంతు స్వాబ్ తీసి పరీక్షకు పంపే ఏర్పాటు కూడా చేయాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, కావలి, నెల్లూరు జిల్లా