ఒంటరి కళావరుతో రెండు కళావర్లు పాడిన కథ

ప్రియమైన రాఘవా,

నీ ఉత్తరం అందింది. చెల్లెమ్మకు మోకాలి నొప్పి తగ్గిందని తెలిసి స్థిమితపడ్డాను. మిగతా కబుర్లు తరువాత. ముందు నా బ్రిడ్జి పేకాట మీద నువ్వు వేసిన అభాండం సంగతి తేల్చాలి.

"చేతిలో ఒకే ఒక్క కళావరు పెట్టుకుని రెండు కళావర్లు అని పాడటం అబద్ధం కాదా? హాస్టల్లో చెవి గోక్కుంటే ఆసు, ముక్కు గోక్కుంటే రాజు అని మనం చేసుకున్న సైగలకూ దీనికీ తేడా ఏమిటి?" అని అడిగావు. తేడా ఉందిరా. ఆ సైగలు ఎదుటివాళ్లకు తెలియకూడదని చేశాం. బ్రిడ్జిలో నా పాటకు, అంటే ఏ రంగు తురుఫుగా ఆరుకు పైన ఇంకా ఎన్ని పట్లు తీస్తామో చెప్పే వేలం మాటకు, అర్థమేమిటని ఎదుటివాళ్లు అడిగితే నా భాగస్వామి విడమరిచి చెప్పి తీరాలి. అందరికీ తెలిసిన మాట అబద్ధం ఎలా అవుతుంది? మొదటే రెండు కళావర్లంటే "నా ముక్కలు చాలా బలమైనవి, పాస్ అనకు" అని. మొన్న ఆదివారం మా బల్ల దగ్గర ఆ అర్థం ముగ్గురికి తెలుసు. తెలియనివాడు ఒక్కడే, నా భాగస్వామి.

ఏం జరిగిందో విను. ఇన్నేళ్లలో నాకు అలాంటి ముక్కలు నాలుగైదు సార్లు కూడా పడి ఉండవు. ఇస్పేటులో ఆసు, రాజు, రాణి, పది, ఆరు. ఆటీనులో ఆసు, రాజు, రాణి, నాలుగు. డైమనులో ఆసు, రాజు, అయిదు. కళావరులో ఒంటరి మూడు. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున కట్టు, 25 పాయింట్లు. పేక మొత్తంలో ఉన్నవే 40. వేళ్లు వణుకుతుండగా రెండు కళావర్ల కార్డు తీసి బల్ల మీద పెట్టాను. ఎడమచేతి ఆయన పాస్. నా భాగస్వామి తన ముక్కలు ఒకసారి చూసుకున్నాడు. అయిదు చిన్న కళావర్లు, ఒక ఇస్పేటు జాకీ. నావైపు చల్లగా నవ్వి తనూ పాస్ అన్నాడు!

రెండు కళావర్లు తురుఫుగా ఆడాల్సి వచ్చింది. మా ఇద్దరికీ కలిపి తురుఫులు ఆరు, ఎదుటివాళ్లకు ఏడు. నా అదృష్టమో వాళ్ల తొందరో, వరసగా నాలుగు రౌండ్లు తురుఫులే లాగారు. మిగిలిన తొమ్మిది పట్లూ నావే. 110 పాయింట్లు రాసుకున్నాం. "గెలిచాం కదా, ఆ ముఖమేమిటి?" అని అడిగాడు మహానుభావుడు. అవే ముక్కలతో పక్క బల్లల మీద నాలుగు ఇస్పేట్లు పాడి, పదకొండు పట్లు తీసి 450 రాసుకున్నారు. ఇంటికొచ్చి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

మరి తిన్నగా ఇస్పేటే పాడొచ్చు కదా అంటావు. ఒక ఇస్పేటు అంటే ఒక్క పాయింటు ఉన్న భాగస్వామి న్యాయంగానే పాస్ చెప్పేస్తాడు. మొదటే నాలుగు ఇస్పేట్లు అంటే, పొడవైన రంగు ఒకటి తప్ప ఏమీ లేనివాడు ఎదుటివాళ్లను అడ్డుకోవడానికి పాడే పాట అవుతుంది. చేపల చెరువు వేలంలో డబ్బున్నవాడు ఒక్క దెబ్బన పెద్ద మొత్తం పాడి అందరి నోళ్లూ మూయిస్తాడు. ఇక్కడ అంతా తలకిందులు. బలమున్నవాడే కిందనుంచి, నిదానంగా పాడుకుంటూ రావాలి. ఏ రంగులో ఎంత దూరం వెళ్లాలో ఇద్దరూ మాట్లాడుకోవడానికి చోటు కావాలి కదా. 1930లలో కల్బర్ట్‌సన్ అనే బ్రిడ్జి నిపుణుడి పద్ధతిలో రెండు ఇస్పేట్లు, రెండు ఆటీన్లు, ఇలా రెండుతో మొదలయ్యే రంగు పాటలన్నీ బలానికే కేటాయించారు. అంత బలం ఎన్నాళ్లకో గానీ పడదు. అందుకే తరువాతివాళ్లు వాటిలో అన్నిటికంటే కింద ఉన్న రెండు కళావర్లకు ఆ బరువంతా ఎత్తి, మిగతావాటిని వేరే పనులకు వాడుకున్నారు. దానికి రెండు డైమన్లు అని జవాబిస్తే డైమన్లు ఉన్నాయని కాదు, "ఊఁ, చెప్పు" అని.

అసలు ఈ పేచీ అంతా వాండర్‌బిల్ట్ పెట్టింది. కోటీశ్వరుడు, పడవ పందేల వీరుడు. 1925లో పనామా కాలువ మీదుగా ఓడలో వెళుతూ ఈ ఆటకు కొత్త లెక్కలు కట్టాడు. అంతకుముందు ఆక్షన్ బ్రిడ్జిలో తక్కువ పాడి ఎక్కువ పట్లు తీసినా గేమ్ అనే గెలుపు దక్కేది. ఈయన వచ్చి, పాడినదే లెక్క అన్నాడు. పన్నెండు పట్లు తీయడం చాలదు, తీస్తానని ముందే పాడితేనే స్లామ్ బహుమతి. మరి భాగస్వామి చేతిలో ఏముందో తెలియకుండా పన్నెండు ఎలా పాడతాం? ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఒక కళావరు అంటే కళావర్లతో నిమిత్తం లేకుండా బలమైన ముక్కలని అర్థం చెప్పుకునే పద్ధతిని ఆయనే తయారుచేశాడు. ఆ దారినే తరువాత సి.సి. వే అనే ఓడల వ్యాపారి ప్రెసిషన్ పద్ధతి అల్లాడు. 16 పాయింట్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఒక కళావరు. దాన్ని పట్టుకునే 1969లో తైవాన్ జట్టు ప్రపంచ పోటీ ఫైనల్‌కు చేరి ఇటలీ చేతిలో ఓడింది. గొప్ప పద్ధతే గానీ నాకు పడదు. నువ్వు ఒక కళావరు అనగానే ఎదుటివాడు చెత్త ముక్కలతో రెండు ఇస్పేట్లో మూడు డైమన్లో అనేసి నీ చోటంతా ఆక్రమిస్తాడు. మన వయసులో అంత యుద్ధం వద్దు.

పన్నెండు పట్లు పాడబోయే ముందు బ్లాక్‌వుడ్ పద్ధతి మాత్రం తప్పదు. ఇండియానాపొలిస్‌లో బీమా ఉద్యోగి ఈజ్లీ బ్లాక్‌వుడ్ 1933లో కనిపెట్టాడు. నాలుగు నో ట్రంప్ (తురుఫు లేని పాట) అంటే "నీ దగ్గర ఆసులెన్ని?" అన్న ప్రశ్న. అయిదు కళావర్లంటే ఒక్కటీ లేదు లేదా నాలుగూ ఉన్నాయి, డైమన్లంటే ఒకటి, ఆటీన్లంటే రెండు, ఇస్పేట్లంటే మూడు. ఇప్పటివాళ్లు తురుఫు రాజును అయిదో ఆసుగా కలిపి జవాబులు మార్చారు. మా క్లబ్బులో కొందరికి ఈ ప్రశ్న దురద లాంటిది, నోరు ఊరుకోక అడుగుతారు. ఒక పక్క రంగులో నీకు రెండు చిన్న ముక్కలే ఉన్నాయనుకో. భాగస్వామి "ఒక ఆసు" అంటే అది ఆ రంగుదో కాదో ఎలా తెలుస్తుంది? ఎదుటివాళ్లు ఆ రంగులో ఆసూ రాజూ దించి కూర్చుంటారు.

2018 జకార్తా ఆసియా క్రీడల్లో బెంగాల్ వాళ్లు ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ బ్రిడ్జిలో బంగారు పతకం తెచ్చారు, గుర్తుందా? అప్పటికి ఒకరికి 60, మరొకరికి 56. ఆనాడు మా ఆవిడకు ఆ వార్త చదివి వినిపిస్తే, "వాళ్లు ఒకరి మాట ఒకరు వింటారు కాబోలు" అంది.

సంక్రాంతికి వస్తానన్నావు. ఈసారి క్లబ్బులో నా ఎదురుగా నువ్వు కూర్చోవాలి. అందుకే ఒక పరీక్ష. నేను రెండు కళావర్లు, నువ్వు రెండు డైమన్లు, నేను రెండు ఇస్పేట్లు అన్నాను. నీ దగ్గర ఇస్పేటు జాకీ, తొమ్మిది, అయిదు, నాలుగు. ఆటీను ఒంటరి ఎనిమిది. డైమను రాజు, ఏడు, ఆరు, మూడు, రెండు. కళావరు తొమ్మిది, ఏడు, నాలుగు. మూడు ఇస్పేట్లు పాడతావా, నాలుగా? ఇక్కడ నాలుగు కంటే మూడే బలమైన పాట. ఎందుకో ఆలోచించి కార్డు మీద రాసి పంపు. పాస్ అని మాత్రం రాయకు, రైలు టిక్కెట్టు రద్దు చేయిస్తాను.

నీ
సుబ్బు