‘ఓ’ (O) అక్షరమో సున్నానో తెలిసేలా అచ్చు వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను నెట్ సెంటర్ నడుపుతాను. పెన్షన్, స్కాలర్‌షిప్, పాస్‌పోర్ట్, ఏ దరఖాస్తు అయినా జనం మా దగ్గరికే వస్తారు, వాళ్లని తరచూ ఏడిపించేది సున్నాలా కనిపించే ఇంగ్లిష్ ‘ఓ’ (O) అక్షరం. మొన్న డిగ్రీ చదివే ఒక అమ్మాయి కాలేజీలో ఇచ్చిన చీటీ పట్టుకొచ్చింది. అందులోని పాస్‌వర్డ్‌లో రెండు గుండ్రాలు, రెండూ అచ్చం ఒకేలా ఉన్నాయి. ముందు రెండూ ఓ అనుకుని కొట్టాం, తర్వాత రెండూ సున్నాలనుకుని కొట్టాం, ఒకటి అదీ ఒకటి ఇదీ అనుకుని కొట్టేసరికి లాగిన్ లాక్ అయిపోయింది. ఆ రోజే చివరి తేదీ, పాపం ఆ పిల్ల టెన్షన్ చూడలేకపోయాను.

బ్యాంకు ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో పదకొండు గుర్తులుంటాయి, మొదటి నాలుగూ అక్షరాలు, ఐదోది ఎప్పుడూ సున్నానే. ఈ సంగతి మాకు తెలుసు, కానీ పాస్‌బుక్ చూసి సొంతంగా ఫోన్‌లో నింపుకునేవాళ్లకి ఎవరు చెప్తారు? పైగా ఫోన్లో చెప్పేటప్పుడు అందరం సున్నాని కూడా ‘ఓ’ అనే అంటాం.

నిజానికి ఈ రెండు గుండ్రాలకీ చుట్టరికమే లేదు. ‘ఓ’ అక్షరం పుట్టింది మధ్యధరా సముద్రం ఒడ్డున, ఫినీషియన్లనే ప్రాచీన జనం లిపిలో. వాళ్లు దాన్ని ‘అయిన్’ అనేవారు, అంటే కన్ను. గొంతులోంచి పలికే ఒక హల్లుకి అది గుర్తు, ఆ హల్లు గ్రీకులకి లేదు కాబట్టి ఆ గుర్తుని ఓ అనే అచ్చుకి వాడుకున్నారు, వాళ్ల నుంచే అది ఇటలీకి వెళ్లి లాటిన్‌లో చేరింది. హైదరాబాద్‌లో ఉర్దూ చదివేవాళ్లకి తెలిసిన ‘ఐన్’ అక్షరం కూడా ఆ ఫినీషియన్ అక్షరం సంతానమే. సున్నా మాత్రం మనది, గ్వాలియర్ కోటలోని చతుర్భుజ ఆలయంలో క్రీ.శ. 876 నాటి శాసనంలో చిన్న గుండ్రంగా చెక్కి ఉంది. ఎక్కడెక్కడివో ఈ రెండూ ఇప్పుడు కీబోర్డు మీద పక్కపక్కనే ఉన్నాయి, కొన్ని పాత టైప్ మిషన్లలోనైతే సున్నాకి వేరే మీటే లేదు, ఓతోనే సరిపెట్టేవారు.

దీనికి మందు ఎప్పుడో ఉంది. బండి ఛాసిస్ నంబర్‌లో 17 గుర్తులుంటాయి, వాటిలో అంకెలతో పొరపడకుండా ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. మన నంబర్ ప్లేట్ల సిరీస్‌లోనూ ఐ, ఓ ఇవ్వరు (ఒడిశా కోడ్‌లో ఓ ఉంది, అది రాష్ట్రం పేరు కాబట్టి). కెనడా పోస్టల్ కోడ్‌లలో కూడా ఓ ఉండదు. రవాణా శాఖ చేసిన పని మిగతా శాఖలు ఎందుకు చేయకూడదు?

కొత్తగా ఇచ్చే అప్లికేషన్ నంబర్లలో, పాస్‌వర్డ్ చీటీల్లో ఓ, ఐ తీసేయండి. బ్యాంకు కోడ్‌ల లాంటి పాతవి మార్చలేకపోతే, పాస్‌బుక్‌లోనూ రసీదు మీదా సున్నాకి అడ్డగీత వేసి అచ్చు వేయండి, అలాంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. ఈ సంగతి రెండు రాష్ట్రాల ఐటీ శాఖల దృష్టికీ బ్యాంకు అధికారుల దృష్టికీ వెళ్లేలా మీ పత్రికలో వేయమని కోరుతున్నాను.

— ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు, తెనాలి