‘డిగ్రీ అక్కర్లేదు’ అని రాసేవాళ్లు గడువు సంగతీ రాయాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్ ఫలితాలు వస్తే చాలు, అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల నెట్‌వర్కింగ్ కోర్సుల ఫ్లెక్సీలు లేస్తాయి. మా మేనల్లుడు మొన్న అక్కడినుంచి ఒక కరపత్రం పట్టుకొచ్చాడు. డిగ్రీతో పనిలేదట, మూడు నెలల్లో సీసీఎన్ఏ (సిస్కో కంపెనీ పరీక్ష పెట్టి ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్), ఆపైన నేరుగా ఉద్యోగమట. ‘‘మామయ్యా, బీటెక్ నాలుగేళ్లు దండగే కదా?’’ అన్నాడు.

వాడి మాట కొట్టిపారేయలేకపోయాను. పాలిటెక్నిక్ డిప్లొమా, సీసీఎన్ఏ ఈ రెండింటితోనే నేనూ ఈ పనిలోకి వచ్చాను. పన్నెండేళ్లుగా రౌటర్లు, స్విచ్‌లతోనే బతుకు, అందులో సగం నైట్ షిఫ్టులు. చేరేటప్పుడు డిగ్రీ ఏదని ఎవరూ అడగలేదు. టీమ్ లీడ్ పోస్టు ఖాళీ అయినప్పుడు అడిగారు. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడికి ఆ పోస్టు వెళ్లింది. ఆ తర్వాత ముప్పై దాటిన వయసులో ఓపెన్ యూనివర్సిటీలో చేరి, ఆదివారం క్లాసులకు టిఫిన్ బాక్సు పట్టుకుని తిరిగాను.

కరపత్రంలో లేని ముక్క ఒకటుంది. సీసీఎన్ఏ చెల్లేది 3 ఏళ్లే. పరీక్ష ఫీజు 300 డాలర్లు, పైన పన్ను. మన డబ్బుల్లో పాతిక వేలు దాటుతుంది. ఇంటర్ అవగానే రాస్తే, బీటెక్ పట్టా చేతికొచ్చేలోపే దాని గడువు తీరిపోతుంది. ‘‘ఫైనలియర్‌లో రాయి, ఫీజు నేను కడతా’’ అని వాడికి చెప్పాను.

అలాగని కాలేజీలను వెనకేసుకు రాలేను. ఈమధ్య ఫ్రెషర్ల ఇంటర్వ్యూలో కూర్చున్నాను. ఒక బీటెక్ అబ్బాయి ఓఎస్ఐ ఏడు లేయర్లూ, అంటే నెట్‌వర్క్ పనితీరును విడదీసి చెప్పే పాఠం, గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. రౌటర్‌ను సెట్ చేయడానికి కంప్యూటర్‌కు కలిపే నీలం రంగు కన్సోల్ కేబుల్ బల్ల మీదుంటే, అది చూపించి ఇదెక్కడ పెడతావంటే, ‘‘ఎప్పుడూ చూడలేదు సార్’’ అన్నాడు. తర్వాత సర్టిఫికెట్ ఉన్న అబ్బాయి వచ్చాడు. స్లాష్ 26 సబ్‌నెట్‌లో, అంటే ఆ సైజు చిన్న నెట్‌వర్క్ ముక్కలో, ఎన్ని మెషిన్లకు అడ్రసులివ్వొచ్చని అడిగాను. జవాబు 62. ‘‘ఆప్షన్స్ చెప్పండి సార్’’ అన్నాడు! డంప్స్, అంటే బయటికి పొక్కిన పరీక్ష ప్రశ్నలూ జవాబులూ, బట్టీపట్టి పాసైన చదువు అలాగే ఉంటుంది.

రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లకు నా మనవి ఇది. కాలేజీల తనిఖీల్లో ల్యాబ్‌లో కంప్యూటర్లు లెక్కపెట్టి ఊరుకోకుండా, పిల్లలు చేత్తో ముట్టుకునే స్విచ్‌లు రెండు, రౌటర్ ఒకటి ఉన్నాయో లేదో కూడా చూసేలా చేయండి. కొత్తవే కానక్కర్లేదు, సెకండ్‌హ్యాండ్‌వైనా చాలు. మిగతా ప్రాక్టీసుకు, కంప్యూటర్‌లోనే ఉత్తుత్తి నెట్‌వర్క్ కట్టి చూసుకునే ప్యాకెట్ ట్రేసర్ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. ఫైనలియర్ పిల్లలకు పరీక్ష ఫీజులో సగమైనా స్కిల్ ట్రైనింగ్ నిధుల నుంచి ఇప్పించండి. ఇక ‘డిగ్రీ అక్కర్లేదు’ అని అచ్చేసే కోచింగ్ సెంటర్లు ‘గడువు 3 ఏళ్లు’ అన్నది కూడా అంతే పెద్ద అక్షరాల్లో వేసేలా చూడండి.

– ఒక నెట్‌వర్క్ ఇంజినీరు, హైదరాబాద్